మా నాన్న ఆర్ఎంపీ. జిష్ణు దాస్ పరిశోధన చదివాక మీ అందరినీ అడగాలనిపించింది

గుండ్లకమ్మ_ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను ఎంఏ ఎకనామిక్స్ రెండో ఏడు చదువుతున్నాను. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. మా నాన్న ముప్పై ఏళ్లుగా ఆర్ఎంపీ. ఇంటర్ తప్పాక పట్నంలో ఒక ఎంబీబీఎస్ డాక్టరు గారి దగ్గర ఆరేళ్లు కాంపౌండరుగా చేసి, ఊరికి తిరిగొచ్చి, మా ఇంటి ముందు గదిలో ప్రాక్టీసు పెట్టాడు. మా చదువులు, అక్క పెళ్లి, ఇంటి స్లాబు అన్నీ ఆ గదిలోంచి వచ్చినవే. ఊళ్లో ఆయనది మంచి హస్తవాసి అంటారు.

హెల్త్ ఎకనామిక్స్ పేపరుకి మా మేడం నాకు ఇచ్చిన సెమినార్ అంశం జిష్ణు దాస్ పరిశోధన. ఆయన చాలా ఏళ్లు ప్రపంచ బ్యాంకులో ఆర్థికవేత్తగా పనిచేసి, ఇప్పుడు అమెరికాలో జార్జ్‌టౌన్ యూనివర్సిటీలో ఉన్నారు. చదువుతుంటే మా ముందు గదిలోకి ఎవరో వచ్చి కూర్చుని, చూసి రాసుకుని వెళ్లినట్టు అనిపించింది.

ఆయన, ఇంకో ఆర్థికవేత్త జెఫ్రీ హామర్ కలిసి ఢిల్లీలో చేసిన పనితో మొదలుపెడతాను. ముందు డాక్టర్లకి ఒక రోగి గురించి చెప్పి "మీరైతే ఏం అడుగుతారు, ఏం చేస్తారు" అని ప్రశ్నలు వేశారు. తర్వాత అదే డాక్టర్ల క్లినిక్‌లో కూర్చుని వాళ్లు నిజంగా ఏం చేస్తున్నారో చూశారు. తెలిసినదానికీ చేసినదానికీ మధ్య పెద్ద అగాధం కనిపించింది. ముఖ్యంగా ప్రభుత్వ డాక్టర్లకి తెలిసింది ఎక్కువ, చేసింది తక్కువ.

ఆ తర్వాత మధ్యప్రదేశ్. అక్కడి మనుషులకే శిక్షణ ఇచ్చి, రోగుల్లా క్లినిక్‌లకు పంపారు. ఒకరికి గుండెనొప్పి లక్షణాలు, ఒకరికి ఆస్తమా, ఇంకొకరు ఇంట్లో పిల్లాడికి రక్త విరేచనాలని చెప్పే తండ్రి. పల్లెల్లో వాళ్లు ఎంచుకున్న వైద్యుల్లో 67 శాతం మంది తమకు ఏ వైద్య అర్హతా లేదని చెప్పారు. 2012లో అచ్చయిన ఆ వ్యాసంలో నన్ను ఆపేసిన మాట ఇంకోటి ఉంది. అడగాల్సినవి అడగడం, చూడాల్సినవి చూడటంలో చదువుకున్న డాక్టర్లకీ చదువుకోనివాళ్లకీ తేడా కొంచెమే. సరైన రోగనిర్ధారణ చేసినవాళ్లు ఇటూ అటూ అరుదే.

నాకు రెండు సందేహాలు. ఇది మన ప్రాంతానికి ఎంతవరకు వర్తిస్తుంది? రెండోది సెమినార్ ప్రశ్న కాదు. దీన్ని నాన్నకి ఎలా చెప్పాలి?

మన్యం_డాక్టర్

తమ్ముడూ, నేను పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్ని. ఆ వ్యాసం గురించి నాకూ తెలుసు. పత్రికలవాళ్లు దాన్ని "డిగ్రీ ఉన్నా లేకపోయినా ఒకటే" అని కుదించేశారు. ఆ మాట ప్రమాదకరం. ఆయన కొలిచింది మొదటి చూపులో ఏం అడిగారు, ఏం చేశారు అన్నది. బిడ్డ అడ్డం తిరిగితే, పాము కరిస్తే, ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికొచ్చే సెప్సిస్ వస్తే ఏం చేస్తారన్నది అందులో లేదు.

రెండో మాట. నా ఓపీ సోమవారం నూట ఇరవై దాటుతుంది. అది చూస్తూనే వ్యాక్సిన్ రిపోర్టు, కాన్పుల టార్గెట్లు, కలెక్టరేట్ వీడియో కాన్ఫరెన్స్ చూసుకోవాలి. అక్కడి ప్రభుత్వ వైద్యులు ఒక్కో రోగికి 2.4 నిమిషాలు ఇచ్చారని రాశారు. నాకు అది తప్పు అనిపించలేదు, బాధగా అనిపించింది. ఎందుకు ఇవ్వలేకపోయారన్నది కూడా రాయాలి కదా.

లెక్కల_మాస్టారు

డాక్టరు గారు చెప్పిన మొదటి మాట నూటికి నూరుపాళ్లు నిజం. రెండోదానికి మాత్రం ఆ పరిశోధనలోనే కొంత జవాబు ఉంది. 2016లో వచ్చిన వ్యాసం చూడండి. జిష్ణు దాస్, అలాకా హోల్లా, ఆకాశ్ మోహ్‌పాల్, కార్తీక్ మురళీధరన్ కలిసి రాశారు. మురళీధరన్ పేరు మనవాళ్లు వినే ఉంటారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో టీచర్ల బోనస్ మీద ప్రయోగం చేసినవాళ్లలో ఆయన ఒకరు.

వీళ్లు చేసిన తెలివైన పని ఇది. పొద్దున ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసి, సాయంత్రం సొంత క్లినిక్ నడిపే డాక్టర్లను ఎంచుకున్నారు. అదే డాక్టరు దగ్గరికి అదే జబ్బుతో రెండు చోట్లకీ రోగిని పంపారు. మనిషి ఒకడే, చదువు ఒకటే, చెప్పిన లక్షణాలు ఒకటే. సొంత క్లినిక్‌లో ఆయన ఎక్కువ సేపు మాట్లాడాడు, ఎక్కువ ప్రశ్నలు అడిగాడు, సరైన వైద్యం ఇచ్చే అవకాశమూ పెరిగింది. అవసరం లేని మందులు మాత్రం రెండు చోట్లా ధారాళంగా రాశాడు.

అంటే లోపం తెలివిలో లేదు. ఆ గదిలో ఆయన్ను ఎవరు అడుగుతారు, రోగి మళ్లీ రాకపోతే నష్టం ఎవరికి అన్నదాంట్లో ఉంది. ఆర్థికశాస్త్రం ఈ విషయంలోకి ఎందుకొచ్చిందో ఈ ఒక్క పోలికతో అర్థమవుతుంది.

మన్యం_డాక్టర్

మాస్టారూ, దీనికి నేను దాపరికం లేకుండా జవాబు చెప్పాలి. ఇదివరకు వేరే జిల్లాలో ఉన్నప్పుడు సాయంత్రాలు నాకూ ఒక క్లినిక్ ఉండేది. అక్కడ రోగిని కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం తింటున్నారు అని అడిగేదాన్ని. పొద్దున అదే ఊరివాళ్లు పీహెచ్‌సీకి వస్తే చీటీ మీద చూపు, చేతిలో పెన్ను. రద్దీ ఉన్న మాట నిజం. రద్దీ లేని గురువారం కూడా అలాగే చేశానన్నది కూడా నిజం. అలవాటైపోతుంది. మీరు చెప్పిన ఆ పోలిక చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఉప్పాడ_సముద్రం

ఇన్ని లెక్కల మధ్య నా మాట కూడా వినండి. నాలుగేళ్ల కిందట మా నాన్నకి తెల్లవారుజామున ఛాతీ బరువుగా ఉంది, చెమటలు పట్టాయి. ఊళ్లో ఆర్ఎంపీని పిలిచాం. గ్యాస్ అన్నాడు. ఒక సూది వేశాడు, సెలైన్ పెట్టాడు. సెలైన్ అయిపోయేదాకా, అంటే రెండు గంటలు, మేమంతా చుట్టూ కూర్చున్నాం. కాకినాడ బయలుదేరేసరికి ఆలస్యమైపోయింది. దారిలోనే పోయారు.

ఆ మనిషి చెడ్డవాడు కాదు. అర్ధరాత్రి పిలిచినా వస్తాడు, డబ్బులు తర్వాత ఇవ్వమంటాడు. అయినా నేను క్షమించలేకపోతున్నాను. "చదువుకున్నవాడికీ చదువుకోనివాడికీ తేడా కొంచెమే" అన్న వాక్యం నాకు ఎలా వినిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి.

గుండ్లకమ్మ_ఒడ్డు

అక్కా, మీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ వాక్యాన్ని ఆలోచించకుండా ఎత్తి రాశాను, క్షమించండి. ఆ పరిశోధనలో మీ నాన్నగారి లాంటి కేసే ఉంది. వాళ్లు పంపిన రోగుల్లో ఒకరు ఛాతీ నొప్పితో వెళ్తారు. చేయాల్సింది ఈసీజీ తీయడం, యాస్పిరిన్ ఇవ్వడం, లేదంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపడం. చాలాచోట్ల జరిగింది ఇవేవీ కాదు. డిగ్రీ ఉన్నచోట కూడా కాలేదు. ఆ వాక్యం ఆర్ఎంపీలను మెచ్చుకోవడానికి రాసింది కాదని ఇప్పుడు నాకు బాగా అర్థమవుతోంది. రెండు చోట్లా ప్రాణాలు పోతున్నాయని దాని అర్థం.

తెల్ల_కోటు_అక్క

నేను విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీని, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ని. బీఎస్సీ నర్సింగ్ చదివాను. మా దగ్గర బీపీ, షుగర్ పరీక్షలు, మందులు ఉచితం. 2023లో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైనప్పటి నుంచి పీహెచ్‌సీ డాక్టరు గారు కూడా షెడ్యూలు ప్రకారం ఊళ్లోకి వస్తున్నారు. అయినా జ్వరమొస్తే మా ఊరివాళ్లు మొదట ఆర్ఎంపీ దగ్గరికే వెళ్తారు. ఎందుకంటే నేను సాయంత్రం ఇంటికి వెళ్లిపోతాను, ఆయన రాత్రికి కూడా ఉంటాడు. నేను సూది వెయ్యను, ఆయన వేస్తాడు. కూలికి వెళ్లే మనిషికి రేపటికల్లా తగ్గాలి. మాత్ర వేసుకుని మూడు రోజులు పడుకోండి అంటే వాళ్లకు కుదరదు.

ఒక పెద్దావిడ నాతో అన్న మాట చెప్తాను. "నువ్వు రాసుకుంటావమ్మా, ఆయన పట్టుకుని చూస్తాడు." నా పుస్తకంలో రాసేవి ఎక్కువైపోయి, మనిషి చెయ్యి పట్టుకోవడం తగ్గిపోయింది. ఆ రోజు నుంచి రిజిస్టరు తర్వాత, నాడి ముందు.

చినుకు_రేపల్లె

ఒక ప్రశ్న అడగొచ్చా? రోగం లేనివాళ్లను రోగుల్లా పంపడం మోసం కాదా? డాక్టరు సమయం నిజమైన రోగికి దక్కకుండా పోతుంది. పైగా ఆ నటించేవాళ్లకి ఎవరైనా నిజంగా సూది పొడిస్తే?

లెక్కల_మాస్టారు

మంచి ప్రశ్న. సూది, సెలైన్ లాంటివి ఏదో ఒక మర్యాదైన సాకు చెప్పి తప్పించుకోవడం శిక్షణలో భాగం. ఇచ్చిన మందులు మింగరు, బయటికి తెచ్చి రాసిపెడతారు. ఫీజు మామూలు రోగి లాగే కడతారు. ఏ వైద్యుడి పేరూ బయటపెట్టరు.

మరి పక్కన కూర్చుని చూస్తే చాలదా? చాలదు. టాంజానియాలోని అరూషాలో కెనెత్ లెనర్డ్ అనే ఆర్థికవేత్త దీన్నే పరీక్షించారు. గమనించేవాళ్లు వచ్చి కూర్చోగానే డాక్టర్ల పని తీరు మెరుగుపడింది. పది పదిహేను మంది రోగులను చూసేసరికి మళ్లీ మామూలు స్థితికి వచ్చేసింది. ఇన్‌స్పెక్షన్ రోజు బడి ఎలా ఉంటుందో మనందరికీ తెలిసిందే. ఇక చీటీలు చూస్తే రాసిన మందు కనిపిస్తుంది, అసలు జబ్బేమిటో కనిపించదు. తెలిసిన జబ్బుతో తెలియకుండా వెళ్లినప్పుడే ఒక వైద్యుణ్ణి ఇంకొకరితో సరిగ్గా పోల్చగలం.

నాకైతే ఈ పద్ధతికి పెద్ద పరిమితి వేరే చోట కనిపిస్తుంది. నటించి చూపించగలిగే జబ్బులు కొన్నే. చంటిబిడ్డ న్యుమోనియా నటించలేం. అందుకే విరేచనాల కేసులో పిల్లాడు ఇంట్లో ఉన్నాడని తండ్రి చేత చెప్పించారు.

ఖరగ్‌పూర్_తెలుగు

మా తాతల కాలంలో రైల్వే ఉద్యోగానికి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ కుటుంబం మాది. మీరు మధ్యప్రదేశ్ దగ్గరే ఆగిపోయారు, అసలు సంగతి మా బెంగాల్లో ఉంది. ఇక్కడ ఆర్ఎంపీలను హాతురే అంటారు. బీర్భూమ్ జిల్లాలో లివర్ ఫౌండేషన్ అనే సంస్థ, డాక్టర్ అభిజిత్ చౌధురి ఆధ్వర్యంలో, వాళ్లకి శిక్షణ ఇచ్చింది. దాని ఫలితాన్ని జిష్ణు దాస్, అభిజిత్ చౌధురి, రేష్మాన్ హుస్సామ్, అభిజిత్ బెనర్జీ కలిసి కొలిచారు. బెనర్జీ అంటే 2019లో నోబెల్ అందుకున్నాయన.

శిక్షణకు ముందుకొచ్చిన 304 మందిలో లాటరీ తీసి 152 మందికి తొమ్మిది నెలల్లో 72 తరగతులు చెప్పారు. మిగతా 152 మంది పోలిక కోసం. తర్వాత అందరి దగ్గరికీ నటించే రోగులను పంపారు. ఏ జబ్బులతో వస్తారో పాఠం చెప్పినవాళ్లకు కూడా ముందు తెలియదు. కాబట్టి పరీక్షకు వచ్చేవే బట్టీ పట్టించే వీలు లేదు. 2016లో ఫలితం అచ్చయింది. సరైన వైద్యం 7.9 శాతం పాయింట్లు పెరిగింది. వంద మంది రోగులు వెళ్తే దాదాపు ఎనిమిది మందికి అదనంగా మేలు జరిగినట్టు. ప్రభుత్వ డాక్టర్లతో ఉన్న తేడా సగానికి తగ్గింది. అది కూడా తరగతులకు సగటున సగం పైచిలుకు హాజరుతోనే.

ఇక ఏమాత్రం కదలనిది ఒకటుంది. అనవసరమైన మందులు, యాంటీబయాటిక్స్. శిక్షణ తీసుకోనివాళ్ల దగ్గర ఎంతో, తీసుకున్నవాళ్ల దగ్గరా అంతే.

గుండ్లకమ్మ_ఒడ్డు

ఆ చివరి వాక్యమే నన్ను పట్టుకుంది. చిన్నప్పుడు నాన్న రాత్రిళ్లు పాత మెడికల్ పుస్తకాలు చదవడం చూశాను. నేర్పితే నేర్చుకునే మనిషి. కానీ సూది మానేయమని ఎవరైనా నేర్పితే మానేస్తాడా? మా ఇంట్లో సంప్రదింపుల ఫీజు అంటూ ఉండదు. చూసినందుకు డబ్బులు అడిగితే ఊళ్లో ఎవరూ ఇవ్వరు, "ఏమిచ్చావని" అంటారు. మందు ఇస్తే, సూది వేస్తే ఇస్తారు. మాటకు వెల లేని చోట మందుకే వెల. తెలియక ఇచ్చే యాంటీబయాటిక్ వేరు, తెలిసీ ఇచ్చేది వేరు. తరగతి మొదటిదాన్ని మాన్పించగలదు. రెండోదాన్ని మాన్పించడానికి నాన్న సంపాదన దారి మారాలి. సెమినార్లో దీన్నే ప్రధానంగా చెప్పాలనుకుంటున్నాను.

మందుల_కొట్టు_రాయుడు

బాబూ, నేను ఇరవై ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం, మా కౌంటరు దగ్గరా అదే. అయితే ఇదే పరిశోధకులు మా షాపుల మీద కూడా పనిచేశారు, అందులో ఒక ఆశ ఉంది. టీబీ పరిశోధకుడు మధుకర్ పాయ్, జిష్ణు దాస్ మరికొందరు కలిసి ఢిల్లీ, ముంబై, బీహార్‌లోని పట్నా నగరాల్లో 622 మందుల షాపులకు టీబీ రోగుల్లా మనుషులను పంపారు. దగ్గు, జ్వరం అని మాత్రమే చెప్పినప్పుడు సరిగ్గా స్పందించింది 13 శాతం. కఫం పరీక్షలో టీబీ అని తేలిన రిపోర్టు చూపిస్తే అది 62 శాతానికి పెరిగింది. యాంటీబయాటిక్ ఇవ్వడం కూడా 37 నుంచి 16 శాతానికి తగ్గింది. ఒక్క షాపు కూడా టీబీ మందులు ఊరికే అమ్మలేదు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, రోగం పేరు తెలియనప్పుడు భయంతో, ఏదో ఒకటి ఇచ్చి పంపాలన్న తొందరతో మందు ఇస్తాం. పేరు తెలిస్తే చెయ్యి ఆగుతుంది. చౌకగా, దగ్గర్లో పరీక్ష దొరికితే మాలాంటివాళ్లం సగం తప్పులు మానేస్తాం. కమీషన్లూ, ఆఫర్లూ లేవని నేను అనను. ఉన్నాయి. అవి వేరే జబ్బు.

చినుకు_రేపల్లె

మరి మన దగ్గర ప్రభుత్వం ఏం చేసింది? వీళ్లకి శిక్షణ అని చిన్నప్పుడు విన్నట్టు గుర్తు.

లెక్కల_మాస్టారు

రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆర్ఎంపీలకు శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్‌లుగా గుర్తించే కార్యక్రమం మొదలైంది. సర్టిఫికెట్ల కోసం సంఘాలు అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాయి. కేంద్రం 2019లో తెచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్‌లో కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకి పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చని రాసింది. దాని మీద దేశమంతటా డాక్టర్లు రోడ్డెక్కారు. మరోవైపు తెలంగాణలో మెడికల్ కౌన్సిల్ ఈమధ్య వరుసగా తనిఖీలు చేసి కేసులు పెట్టింది. ఒక చేత్తో శిక్షణ, ఇంకో చేత్తో కేసు. మధ్యలో ఉన్న రోగికి ఏం మారిందో ఎవరూ కొలవలేదు. నా బాధంతా అదే.

ఇంకోటి, మొదటి పోస్టులో అడిగిన "మనకి వర్తిస్తుందా" అన్నదానికి. 2020లో దాస్ బృందం 19 రాష్ట్రాల్లో 1,519 పల్లెల లెక్క బయటపెట్టింది. పల్లెల్లో వైద్యం చేసేవాళ్లలో 68 శాతం మంది డిగ్రీ లేనివాళ్లే. కానీ ఉత్తరానికీ దక్షిణానికీ తేడా ఎంతంటే, తమిళనాడు, కర్ణాటకల్లోని డిగ్రీ లేని వైద్యుల పరిజ్ఞానం, బీహార్, ఉత్తరప్రదేశ్‌లలోని పూర్తి డిగ్రీ ఉన్న డాక్టర్ల పరిజ్ఞానం కంటే ఎక్కువ. కాబట్టి మధ్యప్రదేశ్ అంకెలను తెచ్చి ప్రకాశం జిల్లాకి అతికించకు. మీనాక్షి గౌతమ్ బృందం గుంటూరు జిల్లాలో, ఉత్తరాఖండ్‌లోని తెహ్రీలో ఇలాంటి వైద్యులను అధ్యయనం చేసింది, అది కూడా చదువు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అని ఎవరైనా అడుగుతారు, దానికీ సిద్ధంగా ఉండు. 2007లో మొదలైన ఆ పథకం ఆసుపత్రిలో చేరాక జరిగే పెద్ద ఖర్చుల కోసం. ఊళ్లో మొదటి గంటలో జరిగేది దాని పరిధిలోకి రాదు.

మన్యం_డాక్టర్

మాస్టారు చెప్పిన ఆందోళనల్లో నేనూ ఉన్నాను. ఇప్పటికీ ఆర్ఎంపీకి లైసెన్సు ఇవ్వడాన్ని ఒప్పుకోను. స్టెరాయిడ్ సూదులు వేసి వేసి ముఖం ఉబ్బిపోయి మా దగ్గరికొచ్చిన ముసలమ్మలను చూశాను. బోర్డు మీద డాక్టర్ అని రాయనిస్తే ఆ సూది ఇంకా పెరుగుతుంది. కానీ ఎవరినీ గుర్తించకుండా నేర్పకూడదా? బీర్భూమ్‌లో శిక్షణ తీసుకున్నవాళ్లను డాక్టర్లు అని పిలవొద్దనే ముందు చెప్పారు కదా. నాకు అది నచ్చింది.

ఖరగ్‌పూర్_తెలుగు

అవును మేడం. చౌధురి గారి వాదన ముందు నుంచీ అదే. వాళ్లని డాక్టర్లను చేయడం కాదు, హాని తగ్గించడం, ఎప్పుడు చేతులెత్తేసి పెద్దాసుపత్రికి పంపాలో నేర్పడం.

ఉప్పాడ_సముద్రం

గుండ్లకమ్మ తమ్ముడూ, మీ నాన్నగారిని నా తరఫున ఒక్కటి అడుగు. ఛాతీ నొప్పి అని వచ్చినవాళ్లను గదిలో ఎంతసేపు ఉంచుతారు? కోపంతో అడగడం లేదు. తెలుసుకోవాలని ఉంది.

గుండ్లకమ్మ_ఒడ్డు

అక్కా, ఆదివారం ఇంటికి వెళ్లి అడిగాను. మూడు రోజులు ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను.

భోజనాలయ్యాక నాన్న పక్కన కూర్చుని మీ విషయం ముందు చెప్పాను, పరిశోధన సంగతి తర్వాత. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఒక సెలైన్ అయ్యేదాకా ఉంచుతాను. అందరం అంతే." ఎందుకని అడిగాను. "పంపించేస్తే చేతకానివాడంటారు. రేపటి నుంచి పక్క ఊరి వాడి దగ్గరికి పోతారు. రెండు గంటల్లో గ్యాస్ అయితే తగ్గుతుంది, నాకు పేరొస్తుంది. గుండె అయితే..." అని ఆపేశాడు. తర్వాత లోపలికి వెళ్లి పాత నోట్‌బుక్ తెచ్చాడు. మా చుట్టుపక్కల అలా పోయినవాళ్ల పేర్లు అందులో నాలుగు రాసిపెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లలో మాకెవరికీ చూపించలేదు.

నేను సెమినార్ కోసం రాసుకున్నదంతా ఆయనకు చదివి వినిపించాను. 72 తరగతుల దగ్గర ఆపి, "అంత దూరం నుంచి వచ్చి చెప్తే నేను రోజూ వెళ్తాను" అన్నాడు. అనవసరమైన మందులు తగ్గలేదన్న చోట తలూపాడు, ఏమీ అనలేదు.

ఆయన ఒకటి అడగమన్నాడు. డాక్టరు గారిని. ఛాతీ నొప్పి, చెమట, ఎడమ చెయ్యి లాగడం ఉంటే, సెలైన్ పెట్టకుండా, 108కి ఫోన్ చేసేసి, అది వచ్చేలోపు ఆయన ఏం చేయాలి? ఏం చేయకూడదు?

మన్యం_డాక్టర్

నాన్నగారికి నా నమస్కారం చెప్పు. ముందు చేయకూడనివి: సెలైన్ వద్దు, నొప్పి సూది వద్దు, నడిపించవద్దు, గ్యాస్ అని చెప్పవద్దు. కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, నొప్పి మొదలైన సమయం చీటీ మీద రాసి రోగి జేబులో పెట్టమను. ఆ సమయం పెద్దాసుపత్రిలో డాక్టరుకి చాలా విలువైనది. 108 చేశాక వెంటనే మీ పీహెచ్‌సీ డాక్టరుకి ఫోన్ చేయాలి. మాత్ర ఇవ్వాలా వద్దా అన్నది ఆ డాక్టరు రోగి వివరాలు విని చెప్పాలి, ఎందుకంటే అందరికీ అది సురక్షితం కాదు. అంబులెన్సు ఆలస్యమవుతుందంటే ఆటో అయినా సరే, ఈసీజీ ఉన్న చోటికే.

మీ మండలం పేరు నాకు విడిగా మెసేజ్ పెట్టు. అక్కడి మెడికల్ ఆఫీసరు నా బ్యాచ్‌మేట్ అయ్యుండొచ్చు. నాన్నగారి ఫోన్ ఏ వేళకైనా ఎత్తమని నేను మాట్లాడతాను. మా మండలంలో ఆర్ఎంపీలు పదకొండు మంది. వచ్చే నెల మొదటి ఆదివారం వాళ్లందరినీ పీహెచ్‌సీకి రమ్మన్నాను. ఛాతీ నొప్పి ఒక్కటే పాఠం.

ఉప్పాడ_సముద్రం

చదివాను తమ్ముడూ. నాన్నగారు నిజం చెప్పినందుకు నా నమస్కారాలు అందజెయ్యి. ఆ నోట్‌బుక్‌లో మా నాన్న పేరు ఉండదు, మాది వేరే జిల్లా. మా ఊరి ఆయన దగ్గర కూడా అలాంటి పుస్తకం ఉందేమో నేనెప్పుడూ అడగలేదు. డాక్టరు గారూ, మీరు రాసిన నాలుగు వాక్యాలూ కాగితం మీద రాసుకున్నాను. ఈ పండక్కి ఊరెళ్లినప్పుడు ఆయనకి ఇచ్చి వస్తాను.